వేడెక్కేదాకా

"వద్దంటే వద్దు. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు మోగే ఇంజన్ నా షెడ్డు గడప దాటదు," అన్నాడు మేస్త్రి.

"వేడెక్కేదాకానే నాన్నా ఆ చప్పుడు. తర్వాత కిక్కురుమనదు," అంది కూతురు.

బల్ల మీద రెండు పెట్టెలున్నాయి. ఒకదానిలో పోత పిస్టన్లు, కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసినవి. రెండోదానిలో ఫోర్జింగ్ పిస్టన్లు, లోహపు ముద్దను పెద్ద ప్రెస్సు కింద నొక్కి చేసినవి. పక్కన స్టాండు మీద పందెం కారు తాలూకు ఇంజన్, ఎనిమిది సిలిండర్లూ తెరుచుకుని, ముద్ద కోసం నోళ్ళు తెరిచిన పిట్టపిల్లల్లా ఎదురుచూస్తోంది.

ఊరి పందెంలో మేస్త్రి కట్టిన ఇంజన్ ఇంతవరకు ఓడిపోలేదు. ఈ సంగతి ఆయన చెప్పక్కర్లేదు, అయినా చెబుతాడు. కొత్తగా కట్టిన ప్రతి ఇంజన్నీ స్టార్ట్ చేసి, దాని మీద ఒక పాత నాణేన్ని అంచు మీద నిలబెట్టడం ఆయన అలవాటు. నాణెం పడిందంటే ఇంజన్ మళ్ళీ విప్పాల్సిందే.

"పోతదైతే సిలిండర్లో బిగువుగా కూర్చుంటుంది. చప్పుడుండదు. నాణెం కదలదు," అన్నాడు మేస్త్రి.

"ఈసారి ట్రాకు పొడుగు పెంచారు కదా! చివరిదాకా తొక్కి పట్టాలి. ఆ వేడికి పిస్టన్ పగిలితే నీ నాణెం వచ్చి అతుకుతుందా? ఫోర్జింగ్‌ది వేడికి ఎక్కువ ఉబ్బుతుంది. అందుకని ముందే కాస్త సందు ఎక్కువ వదలాలి. చల్లగా ఉన్నప్పుడు గలగలమనేది ఆ సందు వల్లే. కానీ ఎంత తొక్కినా తట్టుకుంటుంది."

"గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట! నీకు స్పానరు పట్టడం నేర్పిందెవరే?"

"నువ్వే. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని చెప్పింది మాత్రం అమ్మ."

మేస్త్రికి నవ్వొచ్చింది కానీ మింగేశాడు. "ముందు ఇంట గెలువు. రచ్చ సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

కూతురు ఫోర్జింగ్ పిస్టన్ల పెట్టె తీసి చంకన పెట్టుకుంది.

"కొన్న షాపులోనే ఇచ్చెయ్," అన్నాడు వెనకనుంచి.

ఆ పిల్ల విసవిసా వెళ్ళిపోయింది. ఆ మర్నాడు షెడ్డుకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"మా తమ్ముడింట్లోనే ఉండిపోయింది," అంది భార్య అన్నం వడ్డిస్తూ. "పొద్దస్తమానం వాడి గ్యారేజీలోనేనట. భోజనం కూడా అక్కడికే పంపిస్తున్నారు."

"అలకపాన్పు అక్కడ వేసిందన్నమాట."

"ఒక్కసారి దాని మాట వింటే మీ సొమ్మేం పోయింది?"

మేస్త్రి చెయ్యి ఎండిపోయేదాకా కంచం ముందే కూర్చున్నాడు. కూతురు చెప్పిన వేడి లెక్క తప్పు కాదని ఆయనకు తెలుసు. మర్నాడు షెడ్డు షట్టరు సగం దించి, ఇంజన్ బిగించడం ముగించాడు. ఏ పిస్టన్లు వేశాడో భార్యకు కూడా చెప్పలేదు.

పందెం రోజు కంచె పొడవునా జనం. కార్లు వరుసలో నిలబడి ఒక్కొక్కటీ స్టార్టయ్యాయి. ఎర్రకారు పట్టులా పలికింది. దాని పక్కనున్న తెల్లకారు గలగలమని మోత పెట్టేసరికి జనం గొల్లుమన్నారు.

"మేస్త్రీ, నాణెం తెచ్చారా? దాని మీద నిలబెట్టండి చూద్దాం!" అని టైర్ల కొట్టతను పొట్ట పట్టుకుని నవ్వాడు.

మేస్త్రి గిరుక్కున తల తిప్పాడు. కళ్ళు మూసుకుని ఆ గలగలను చెవితోనే కొలిచాడు. పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండాల్సినంత సందే ఉంది. వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువా లేదు.

"నవ్వకండ్రా," అన్నాడు. "వేడెక్కనివ్వండి."

జెండా దిగింది. ఎర్రకారు ముందుకు దూకింది. తెల్లకారు దాని వెనకే పడింది. చుట్టు మీద చుట్టు తిరుగుతుంటే గలగల సన్నగిల్లింది, ఆ తర్వాత పూర్తిగా మాయమైంది. నవ్విన వాళ్ళు ఇప్పుడు మెడలు చాచి చూస్తున్నారు. చివరి చుట్టులో ఎర్రకారు డ్రైవరు వేడి ముల్లు చూసి భయపడ్డాడేమో, కాలు కాస్త తీశాడు. తెల్లకారు తియ్యలేదు.

"తొక్కు! ఇంకా తొక్కు! అవి తట్టుకుంటాయి!" అని మేస్త్రి కంచె ఊడిపోయేలా ఊపుతూ అరిచాడు.

బానెట్టంత తేడాతో తెల్లకారు గెలిచింది.

"అబ్బ, ఏం ఇంజనండీ అది! ఎక్కడిదో?" అన్నాడు పక్కన నిలబడ్డ పొరుగూరాయన.

"మా ఇంటిదే!" అన్నాడు మేస్త్రి ఛాతీ విరుచుకుని. కంచె దగ్గరున్న వాళ్ళందరికీ, నవ్విన టైర్ల కొట్టతనితో సహా, టీ చెప్పాడు. ఇన్నేళ్ళ గెలుపుల్లో ఏనాడూ ఆయనకింత గర్వం కలగలేదు.

"ఏమండీ, ఎన్ని పందాలు చూసినా తడవని కళ్ళు ఇవాళేమిటిలా?" అంది భార్య.

"టైర్ల పొగ," అన్నాడు.

కూతురు తెల్లకారు దగ్గరనుంచి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, తండ్రి మొహంలోకి కాస్త భయంగానే చూస్తూ వచ్చి నిలబడింది. మేస్త్రి జేబులోంచి పాత నాణెం తీసి ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"ఇది దాని మీద నిలబడదుగా నాన్నా?"

"నిలబడకపోతే నీ దగ్గరే పడుండనీ," అన్నాడు. ఆ పిడికిలి మీద తట్టి, "ఇంట కూడా గెలిచావులే," అన్నాడు.

మేస్త్రి కట్టింది ఎర్రకారు ఇంజన్.