విత్తనాలకి బేరం

“విత్తనపు వడ్లున్నాయా అమ్మా? ఎన్ని ఉన్నా నేనే కొంటాను.”

రైతుల కొట్టు ముందు ట్రక్కు ఆపి, దిగీ దిగగానే అడిగాడు ఒక బట్టతల మనిషి.

ఎదెల్మిరా చేతిలోని చేట కింద పెట్టింది. కొట్టు తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. లోపల ఊరందరి విత్తనాలూ కలిపి నలభై బస్తాలు, నారు పోయడానికి సిద్ధంగా ఉన్నాయి.

“లేవండీ. పండినవి పండినట్టే తినేస్తాం,” అంది.

ట్రాక్టరు కింద పడుకుని మరమ్మతు చేస్తున్న ఆమె మరిది ఒతోనియెల్ తల బయటికి పెట్టాడు.

“సంతలో వడ్లే లేనట్టు మగ్దలేనా నది దాటి ఇంత దూరం వచ్చావేం?”

“మీ రకం అక్కడ దొరకడం లేదు.”

“ఎలా దొరుకుతుంది? సొంత విత్తనం చల్లితే నేరమన్నారుగా! అమెరికాతో ఒప్పందం కుదిరింది. మన పూలు అటు వెళ్ళాయి, వాళ్ళ బియ్యం ఇటు వచ్చింది, వెనకే ఈ చట్టం కూడా వచ్చింది. ఓట్లప్పుడు మన వరి కంకి పట్టుకుని ఫొటో దిగిన సెనేటరే దానికి చెయ్యెత్తాడు. పూలతోటల వాళ్ళకి దండలు, మనకి దండనలు!”

ఆ మనిషి నవ్వలేదు. ఎదెల్మిరా వైపు తిరిగాడు.

“సాయంత్రంలోగా ఎత్తించేస్తాను. నారు పోసే రోజుకి మళ్ళీ కావాలంటే తెచ్చి ఇచ్చేస్తాను.”

అక్కడే ఆమెకి అనుమానం ముదిరింది. కొన్న సరుకు తిరిగి తెచ్చిస్తానన్న బేరగాడిని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

“మీరు ఆ చట్టం పేరుతో దాడులు చేసే విత్తనాల ఆఫీసు మనిషేనా?” అంది సూటిగా.

అతను కొట్టు తాళం వైపు చూశాడు.

“అవునంటే బస్తాలు కదిలిస్తారా? పోనీ, కాదంటే కదిలిస్తారా?”

“మీరు ఏమన్నా సరే, కదిలించం.”

“అయితే నాకివ్వొద్దు. తలా ఒకటి ఇళ్ళకి పట్టుకుపోండి. అన్నీ ఒక్కచోట ఉంచకండమ్మా. ఈ ఒక్క రోజుకి నా మాట వినండి.”

“ఏ ఇంట్లో ఏముందో రాసుకుందామనా?” ఒతోనియెల్ రెంచీతో లేచాడు. “నడు నడు! మళ్ళీ ఈ దారిన కనిపించావో, నీ ట్రక్కు నదిలో ఉంటుంది.”

జనం పోగయ్యారు. ఎవరో విసిరిన మట్టిగడ్డ అతని భుజం మీద పగిలింది. దులుపుకోనైనా దులుపుకోకుండా ట్రక్కెక్కాడు.

“భలే పసిగట్టావు వదినా,” అన్నాడు ఒతోనియెల్.

ఎదెల్మిరా తాళాన్ని ఇంకోసారి లాగి చూసుకుంది.

మర్నాడు పొద్దున్నే పోలీసులతో మూడు లారీలొచ్చాయి. తాళం పగలగొట్టారు. నలభై బస్తాలూ ఊరవతల చెత్త గోతిలో గుమ్మరించి, పైన బుల్డోజరు తిప్పారు.

“నిన్నటివాడే! వాడే పట్టించాడు!” గోతి గట్టున కూలబడి ఏడ్చింది ఎదెల్మిరా.

ఆ పంటకి సగం పొలాలు బీడుపడ్డాయి.

నెల తర్వాత కేసు కాగితం చేతికొస్తే, అది పట్టుకుని ఎదెల్మిరా పట్నంలో విత్తనాల ఆఫీసుకి వెళ్ళింది. వాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేయాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుంది.

“బట్టతల, ఒక కన్ను కాస్త మెల్ల. పిలువమ్మా వాణ్ణి,” అంది గుమస్తా పిల్లతో.

ఆ అమ్మాయి కాగితం మీద ఊరి పేరు చూసింది. గొంతు తగ్గించింది.

“ఆర్సెసియో సారా? ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారండీ.”

“ఎందుకు?”

“మీ ఊరి మీద దాడికి రావాల్సిన ఇన్‌స్పెక్టరు ఆయనే. తను వెళ్ళనని చెప్పేసి, ముందురోజు అద్దె ట్రక్కేసుకుని ఎక్కడికో వెళ్ళొచ్చారు, ఎక్కడికని పైవాళ్ళు ఎంత గుచ్చి గుచ్చి అడిగినా నోరు విప్పలేదు.”