తొట్టి అడుగున తెల్లపొడి

పందుల దొడ్డిలో మేత మారిన రోజే పందిపిల్ల చుక్కి గుండెల్లో రాయి పడింది. ఆసామి వేరుశనగ చెక్క బాగా తగ్గించి, తొట్టినిండా తవుడూ మొక్కజొన్న నూకా పోసి, పైన ఏదో తెల్లటి పొడి చల్లాడు.

"అది విషం పెద్దమ్మా! లేకపోతే చెక్క తగ్గించి పొడెందుకు పెడతాడు?" అని వణికింది చుక్కి.

"పిచ్చిదానా, చెక్క తగ్గితే కండ పట్టదు. ఆ లోటు తీర్చడానికే ఈ పొడి. విషం కాదు, తిను" అంది ముసలి పంది సూరమ్మ.

చుక్కి నమ్మలేదు. పైపైన మేసి, పొడి దిగిన అడుగుమేత వదిలేసేది. తమ్ముడు బొండాం అదంతా నాకేసేవాడు.

"ఒరేయ్, చచ్చిపోతావురా!" అని ఏడ్చేది చుక్కి. వాడు చావలేదు సరికదా, నున్నగా బలిశాడు. చుక్కికే ఎముకలు తేలాయి.

ఒకనాడు దొడ్డి ముందు వ్యాను ఆగింది. ఆసామి అందరి వీపులూ తడిమాడు. చుక్కి దగ్గర పెదవి విరిచాడు. బొండాం దగ్గర నవ్వాడు. వ్యానులోకి ఎక్కించిన బొండాం అరుపు రోడ్డు మలుపు దాకా వినబడింది.

"విషం కాదన్నావు కదా పెద్దమ్మా!"

సూరమ్మ తల తిప్పుకుంది. "విషం కాదన్నాను గానీ, భయం లేదన్నానా?"

మర్నాడు ఆసామి చుక్కికి విడిగా బేసిన్ పెట్టి, పొడి ఇంకాస్త ఎక్కువే కలిపాడు.

"తినమ్మా, నువ్వూ ఎదగాలి కదా" అంటూ ప్రేమగా వీపు నిమిరాడు.

చుక్కి కడుపు ఆకలితో నకనకలాడుతోంది.