వెన్న మాదిరి కీబోర్డు

అయాజ్ చూపుడువేలితో బటన్ నొక్కాడు. అక్షరం పడలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. ఊహూఁ. పళ్లు బిగించి నొక్కితే ఒకటి పడాల్సిన చోట వరసగా నాలుగైదు పడ్డాయి. చెరిపేద్దామని చిటికెన వేలు కదిపితే అది తిమ్మిరెక్కి మాట వినలేదు.

ఓబుళేశుకు కూడా ఇట్లాగే మొదలైంది మరి. మంగంపేటలోని ఈ ఇంటర్నెట్ సెంటర్లో, ఇదే కుర్చీలో కూర్చుని గని కూలీల దరఖాస్తులూ లారీల కాగితాలూ టకటకా కొట్టినవాడు ఓబుళేశు. ముందు వేళ్లకు తిమ్మిరి పట్టింది. తర్వాత మణికట్టు లాగేసింది. ఆఖరికి అన్నం ముద్ద కూడా కలుపుకోలేక, కిందటి నెలలో పని మానేశాడు. ఆ కుర్చీ అయాజ్‌కు దొరికింది. కుర్చీతో పాటు రోగం కూడా దొరుకుతుందని ఎవరనుకుంటారు?

బల్లకు అవతల నిలబడిన ముసలాయన, పేరు కొట్టేదానికి ఇంతసేపా అని గొణిగాడు. సెంటర్ యజమాని వలి సాహెబ్ కళ్లద్దాల పైనుంచి చూశాడు. చేతకాకపోతే చెప్పమన్నాడు, ఈ కుర్చీ కోసం బయట చాలామంది కాచుకుని ఉన్నారన్నాడు. ఆయన మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు.

అయాజ్ చెయ్యి బల్ల కిందికి దించి, చిటికెన వేలిని గిల్లుకున్నాడు. ఎవరిదో వేలిని గిల్లినట్టుంది. పొద్దున చొక్కా గుండీ పెట్టుకోలేక అమ్మ చేత పెట్టించుకున్నాడు. నిద్ర మత్తు అని అబద్ధం చెప్పాడు. రేపు ఏం చెప్పాలి?

మధ్యాహ్నం యామిని వచ్చింది. పూట మారాక అదే కీబోర్డు మీద కూర్చునేది ఆమే. అయాజ్ లేచి కుర్చీ ఇస్తూ, మాటవరసకు అడిగినట్టు అడిగాడు.

"ఈ బటన్లు నీకు గట్టిగా అనిపించడం లేదా యామినీ?"

"లేదన్నా. వెన్న మాదిరి ఉండాయి."

మిషను మంచిదైతే చెడింది చెయ్యే కదా. ఇంకా ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. కుడిచెయ్యి పోయినవాడికి ఈ ఊళ్లో ఏం పని ఉంటుంది? గనిలో పార పట్టుకోవడానికి కూడా రెండు చేతులూ కావాలి.

వలి సాహెబ్ నమాజుకు వెళ్లాడు. ముసలాయన టీ తాగొస్తానని బయటికి నడిచాడు. ఇద్దరే మిగిలేసరికి అయాజ్ ఇక దాచుకోలేకపోయాడు.

"నా చెయ్యి పోతాండాది యామినీ. సాహెబ్‌కు చెప్పి మానేస్తా. అమ్మకు ఎట్ల చెప్పాల్నో తెలీలేదు." చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి మీద దర్గాలో కట్టించుకున్న తాయెత్తు చూపించాడు.

యామిని మొహంలో నెత్తురు చుక్క లేదు. వాకిలి వైపు ఒకసారి చూసి, తన చుడీదార్ చెయ్యి పైకి జరిపింది. అదే నల్లదారం. అదే రాగి తాయెత్తు. అదే దర్గా.

జడ వేసుకుని ఎన్నాళ్లయిందో అంది. రాత్రిళ్లు వేన్నీళ్లలో చెయ్యి పెట్టుకుని, ఇంట్లో వినపడకుండా ఏడుస్తోందట. బటన్లు గట్టిగా ఉన్నాయంటే ఆడపిల్లకు చేతకాదని పంపించేస్తారని భయం. అందుకే ఎవరడిగినా వెన్న మాదిరి ఉన్నాయనే చెప్పేదట.

ఓబుళేశుతో కలిపి ముగ్గురికీ ఒకటే రోగం. ఇద్దరి చూపూ కీబోర్డు మీదికి వెళ్లింది.

మంగంపేటలో గని నుంచి లేచే తెల్లటి ముగ్గురాయి దుమ్ము దేన్నీ వదలదు. టీ మీద తేలుతుంది, దేవుడి పటం మీద పేరుకుంటుంది. అందుకని వలి సాహెబ్ కీబోర్డుకు మందపాటి ప్లాస్టిక్ తొడుగు వేయించి, తీస్తే ఊరుకోనని చెప్పి పెట్టాడు. ఎవరూ తీయలేదు. పైపైన గుడ్డతో తుడవడమే.

యామిని గోటితో అంచు లేపి లాగింది. ఎండలకు బిరుసెక్కిన తొడుగు అప్పడంలా పటపటమని విరిగింది. దాని కింద బటన్ల సందుల్లో, అంచుల్లోంచి దూరిన తెల్లపొడి గట్టిపడి కూర్చుంది. అయాజ్ కీబోర్డు తిరగేసి దులిపాడు, పుల్లతో గీకాడు, మళ్లీ దులిపాడు. బల్లంతా ముగ్గు పోసినట్టయింది. భయపడుతూనే ఆ తిమ్మిరి వేలిని బటన్ మీద ఆనించాడు.

అక్షరం పడింది. ఒక్కటే పడింది.

ఇంకోటి కొట్టాడు. పడింది. ముసలాయన పేరంతా గబగబా పడింది. అయాజ్‌కు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. యామిని చున్నీతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. రోగం మనది కాదు, దీనిది అని కీబోర్డు మీద ఒక్కటిచ్చింది.

ముందు ఓబుళేశన్నకు చెప్పాలన్నాడు అయాజ్. ఆ మాట వినగానే యామిని నవ్వు ఆగిపోయింది. అతను గమనించలేదు. ఫోన్ కలిపి, ఆమెకు కూడా వినబడాలని స్పీకర్ పెట్టాడు. ఓబుళేశు భార్య శివజ్యోతి ఎత్తింది.

"వదినా, అన్నకియ్యి ఫోను. అన్న చేతికి రోగం లేదు గీగం లేదు. అంతా ఈ కీబోర్డుదే."



"ఇప్పుడే ఆపరేషనుకు లోపలికి తీసకపోయినారప్పా," అంది శివజ్యోతి. "కీబోర్డుదేనేమోనని శానా దినాలు ఒప్పుకోకుండా ఉండె. నిన్న యామినికి ఫోన్ చేసి అడిగితే వెన్న మాదిరి ఉండాదనిందంట, అప్పుడు పెట్టినాడు సంతకం."