స్నేహలత ఇచ్చిన పాయింటు

విజిలు నోట్లో పెట్టుకోకముందే స్నేహలత చుట్టూ రెండు ఊళ్లు తిరగడం మొదలుపెట్టాయి.

నల్లగొండలో వ్యాయామ విద్య చదువుతున్న ఆమెకు అది చివరి ప్రాక్టికల్. తిరుమలగిరి అవతల రాళ్లకుంట అనే ఊళ్లో మండలంలోని ఊళ్లన్నీ కలిసి ఏటా జరుపుకునే పిల్లల కబడ్డీ పోటీలు. ఫైనల్‌కు వచ్చిన రెండు జట్ల ఆడపిల్లలకూ ఆమె పొద్దున కాసేపు ఆట నేర్పాలి. తర్వాత ఆ ఆటకే అంపైరుగా నిలబడాలి. మార్కులు వేసే దామోదర్ సారు వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"విజిల్ నోట్ల ఉన్నంతసేపు నీకు ఊరు లేదు, కులం లేదు, చుట్టం లేదు" అని ఆయన క్లాసులో రోజూ చెప్పేవాడు. పోయిన బ్యాచ్‌లో ఒకడు మేనమామ ఊరికి ఒక పాయింటు ఎక్కువిచ్చాడని మళ్లీ ఏడాది చదివించాడు కూడా.

ముందుగా వచ్చింది ఎల్లేశం. రాళ్లకుంటకు ఎదుటి జట్టు చింతలబావి. ఆ ఊరికి ఆయన పెద్దమనిషి. గొంగడి భుజం మీదికి ఎగేసుకుని ఆమెను పక్కకు పిలిచాడు.

"మీ అమ్మ భద్రమ్మ మా ఊరి ఆడబిడ్డే గద. మాది చిన్న ఊరు బిడ్డా, అంత దెబ్బ తట్టుకోలేం. జర మా దిక్కు చూడు."

"రూల్ దిక్కే చూస్త పెద్దయ్యా" అంది స్నేహలత. ముసలాయన నిట్టూర్చి వెళ్లిపోయాడు.

తర్వాత బెంజమిన్. రాళ్లకుంట పిల్లలకు ఆట నేర్పేది అతనే. తువ్వాల్లో చుట్టిన నాటుకోడి పుంజును ఆమె చేతుల్లో పెట్టబోయాడు. ఈ యేడన్నా తమ మీద దయ చూడమన్నాడు. నిరుడు జరిగింది తలచుకుంటే ఊళ్లో ఆడవాళ్లు ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటారన్నాడు. ఆమె వద్దంటే అతను వినలేదు. చివరికి స్నేహలత ఆ పుంజును తీసుకెళ్లి, అందరూ చూస్తుండగానే సారు కుర్చీ కాలికి కట్టేసింది. సారు కాళ్లు కొంచెం పైకి పెట్టుకున్నాడు.

పొద్దుటి శిక్షణలో రాళ్లకుంట పిల్ల గ్లోరీ ఒక్కతే చెప్పింది చెప్పినట్టు పట్టుకుంది. సన్నటి పిల్ల. కూత ఆపకుండా కాలు చాచి వేలికొసతో తాకి రావడం ఎలాగో చూపిస్తే, నాలుగోసారికే స్నేహలతనే తాకేసి వెళ్లింది. బెంజమిన్ మొహం మాడిపోయింది. ఇప్పుడు కొత్తవన్నీ నేర్పితే పిల్లలు ఆగమైపోతారని గొణిగాడు. ఇలాంటివాళ్ల చేతుల్లో పడబట్టే పిల్లలు పైకి రావడం లేదని ఆమెకు ఒళ్లు మండింది.

ఆట మొదలైంది. అంత అధ్వాన్నమైన ఆట ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కూతకు వెళ్లిన పిల్ల నడుమలో కూత మరిచిపోయేది. ఇంకో పిల్ల తనంతట తానే గీత దాటి బయట నిలబడేది. కూతకొచ్చిన పిల్ల కాలు చేతికి చిక్కినా, పట్టుకున్నవాళ్లు నిప్పు ముట్టుకున్నట్టు వదిలేసేవాళ్లు. తప్పులు చేయడంలో రెండు జట్లూ పోటీ పడ్డాయి. ఆమె ఇచ్చిన ప్రతి పాయింటుకూ ఒక పక్క ఏడుపు, ఒక పక్క చప్పట్లు. ఎవరు ఏడ్చారో, ఎవరు చప్పట్లు కొట్టారో ఆమె తల తిప్పి చూడలేదు. సారు చెప్పిన మాట సారు ముందే తప్పుతుందా?

పాయింట్లు సమానంగా ఉండగా ఆఖరి కూత మిగిలింది. గ్లోరీ వెళ్లింది.

కూత గంటలా మోగింది. పొద్దున నేర్చుకున్నట్టే ఎడమకాలు సాగింది. బొటనవేలు ఎదుటిపిల్ల మడమను రాసింది. ముగ్గురు మీద పడ్డా ఈడ్చుకుంటూ వచ్చి చెయ్యి మధ్యగీత అవతల పెట్టింది. మైదానం రెండుగా చీలిపోయింది. చెయ్యి గీత దాటిందని ఒక ఊరు, దాటలేదని ఒక ఊరు. స్నేహలత కళ్లారా చూసింది. పాయింటు రాళ్లకుంటకు ఇచ్చి పొడుగ్గా విజిల్ ఊదింది.

మరుక్షణం జనం విరుచుకుపడ్డారు. నడుమ గ్లోరీ ఒక్కతే ఎగిరి గంతులేస్తుంటే వాళ్లమ్మ వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయింది. సారు లేచిన ఊపుకు కుర్చీ తిరగబడింది. ఆయన బండెక్కి రోడ్డు పట్టాడు. తాడు తెంచుకున్న పుంజు కొంతదూరం ఆయన వెంటే పరుగెత్తింది. స్నేహలత బడి వంటగదిలో దూరి గడియ పెట్టుకుంది. బయట తలుపు మీద దెబ్బలు. రేకుల మీద రాళ్లు. గంగాళాల నడుమ ముడుచుకుని కూర్చుంటే ఫోన్ మోగింది. దామోదర్ సారు.

"భయపడకు బిడ్డా. నువ్విచ్చింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఓడిపోయినోళ్లు గట్లనే ఎగుర్తరు, జరసేపట్ల సల్లవడ్తరు."

స్నేహలత బయటి కేకలు వింటూ కిటికీ సందులోంచి చూసింది.

"ఓడిపోయినోళ్లు నాకు దండం పెట్టి డప్పులు కొట్టుకుంట ఎల్లిపోయిన్రు సార్, తలుపు గుద్దేది గెలిచినోళ్లు, గెలిచిన ఊరే వచ్చే యేడు పోటీలకు మండలం మొత్తానికి మూడు రోజులు వండిపెట్టాలెనట, వీళ్లకిది వరుసగ రెండోసారట."