నున్నటి గీత

"బొమ్మలు గీసే టాబ్లెట్ చవకది కొనొద్దంటే విన్నావా? చూడు, గీత ఎలా వంకర్లు పోతోందో!" వాల్ట్ పెన్ను బల్ల మీద పడేశాడు. చేతి వణుకు వచ్చేదాకా అమెరికాలోని డులూత్ రేవులో పడవల మీద పేర్లు రాసిన మనిషి.

"తప్పు టాబ్లెట్‌ది కాదు నాన్నా. ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ కదా, కొత్త వెర్షన్ ఎక్కిస్తే పాత సెట్టింగులన్నీ పోయాయి," అంది కూతురు గ్రేటా. "మళ్లీ పెడతానుండు."

"త్వరగా కానీ తల్లీ. రేపు గోర్డన్ పడవకి పేరు రాస్తానన్నాను. చలికాలమంతా దీని మీద సాధన చేశాక చెయ్యి కుదిరిందిగా, ఇక కుంచె పడతా."

గ్రేటా వేలు తెర మీది బటన్ దగ్గరే ఆగిపోయింది.

"చెయ్యి కుదరలేదు నాన్నా. వణికే గీతని ఈ బటనే సాపు చేస్తుంది. మొదటిరోజే నీకు చెప్పకుండా పెట్టాను. గీత చూసి నువ్వు మురిసిపోతుంటే తీసెయ్యబుద్ధి కాలేదు."

తిడతాడనుకుంది. తిట్టలేదు. తనే ఆ బటన్ నొక్కి, పెన్ను తీసుకుని ఒక గీత గీశాడు. నున్నగా వచ్చింది. దాన్ని చాలాసేపు చూశాడు.

"బాగుంది తల్లీ," అన్నాడు మెల్లగా. "మరి గోర్డన్ పడవకి ఈ బటన్ ఎక్కడుంటుంది?"