మూడు వందల మంచి సంగతులు

"నీ పేరు లేదేంటే?" సాయిప్రియ చెవిలో గొణిగింది.

రాగసుధ వేదిక వైపే చూస్తోంది. తెనాలిలో ఆ సెమినార్ హాలు నిండిపోయింది. వేదిక మీద చలపతిరావు మాస్టారు మైకు సర్దుకుంటున్నారు. ఆయన వెనక తెర మీద పెద్ద అక్షరాలు: 'పాజిటివ్ సైకాలజీ - నిజాంపట్నం ఎండుచేపల మహిళా సంఘంలో పది వారాలు'. కింద ఒకటే పేరు. డాక్టర్ చలపతిరావు.

"మనిద్దరి పేర్లూ వేద్దామమ్మా అన్నారు. నిన్న సాయంత్రం కూడా అన్నారు" అంది రాగసుధ.

ఆ ఏడాది, అంటే 2008లో, బాపట్లలో వాళ్ళ ఎమ్మే సైకాలజీ క్లాసుకి చలపతిరావు మాస్టారు ఫీల్డ్‌వర్క్ పెట్టారు. ఒక్కొక్కరికి ఒక్కో సంఘం. సాయిప్రియకు రేపల్లెలో కుట్టు కేంద్రం, రాగసుధకు నిజాంపట్నం వచ్చాయి. పని తేలికే. ప్రతి ఆదివారం పదిమంది ఆడవాళ్ళను కూర్చోబెట్టి, ఆ వారం తమకు జరిగిన మూడు మంచి సంగతులు చెప్పించాలి, రాసుకోవాలి. పది వారాలయ్యాక వాళ్ళ మనసు ఎంత తేలికపడిందో లెక్కగట్టాలి.

సాయిప్రియ కుట్టు కేంద్రం ఆడవాళ్ళు పది వారాలూ "కరెంటు పోలేదు", "సూది విరగలేదు" అంటూ అవే తిప్పి తిప్పి చెప్పి, ఆమెకు అత్తెసరు మార్కులు తెచ్చిపెట్టారు. రాగసుధ పుస్తకంలో మూడు వందల మంచి సంగతులున్నాయి. ఒక్కటీ రెండోసారి రాలేదు. క్లాసు మొత్తానికి ఆమెదే ఫస్టు.

"కోటేశ్వరమ్మ అని ఒకావిడ" మాస్టారు గొంతు తగ్గించారు. "చేపలు ఎండేదాకా వాన ఆగింది సార్, ఆకాశానికి కూడా నా మీద జాలి కలిగింది, అంది నాతో."

హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు.

"తనతో అందట" రాగసుధ పళ్ళు కొరికింది. కోటేశ్వరమ్మ ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదన్న సంగతి ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ ఒక్క వాక్యం కోసం ఒక పూట పట్టింది. నా పెద్దకూతురు లాంటిదానివి అంటూ పుస్తకాలిచ్చిన మనిషి, కూతురి నోటిదగ్గర కూడు లాక్కుని అందరి ముందూ తింటున్నాడు.

"పోనీలే అని ఊరుకోకు" అంది సాయిప్రియ. "నేను ఆదివారం రేపల్లెలో గంటసేపు కూర్చుని, మిగతా శని, ఆదివారాలు మా ఇంట్లో తిని పడుకునేదాన్ని. సోమవారం హాస్టలుకొచ్చేసరికి నీ వేళ్ళ నిండా సిరా. పది వారాల్లో ఒక్క సినిమా చూశావా? అసలు ఎండుచేపల కొట్టు కనబడితే రోడ్డు దాటి అటుపక్క నడిచేదానివి. ఆ వాసనెలా భరించావో నాకు ఇప్పటికీ తెలీదు."

"అన్నీ అలవాటైపోతాయిలే."

"మరి ఉద్యోగం సంగతేంటి?"

అదే రాగసుధ గుండెను కెలుకుతున్నది. సెమినార్ పెట్టిన స్వచ్ఛంద సంస్థ అధ్యక్షురాలు ప్రమీలారాణి, వచ్చినవాటిలో మంచి ఫీల్డ్‌వర్క్ చేసిన విద్యార్థికి తమ సంస్థలో ఉద్యోగం ఇస్తానని ముందే ప్రకటించింది. తెర మీద పేరు లేకపోతే ఉద్యోగమూ లేదు. నాన్న రిటైరై ఏడాదవుతోంది. చెల్లెలు ఇంకా ఇంటర్లోనే ఉంది.

టీ ఇచ్చేచోట మాస్టారిని పట్టుకుంది.

"నా పేరు ఎందుకు తీసేశారు సార్?"

"నీకు ఫస్టు మార్కు వేశాను కదమ్మా. ఇలాంటి చోట పిల్లల పేర్లు వేస్తే బరువు ఉండదు."

"మూడు వందల సంగతులూ ఒక్కొక్కటే రాసింది నేను సార్. నేను లేకపోతే మీకు ఆ కోటేశ్వరమ్మే లేదు."

"మెల్లగా, మెల్లగా. వింటున్నారు."

"విననివ్వండి. మీరు ఒక్క ఆదివారమైనా నిజాంపట్నం వచ్చారా? నమ్మాను సార్ మిమ్మల్ని. ఇంత మోసం చేస్తారనుకోలేదు."

ఆమెకు ఏడుపు ఆగలేదు. పక్కనే టీ కప్పుతో నిలబడ్డ ప్రమీలారాణి దగ్గరికి వచ్చింది.

"ఈ అమ్మాయి చెప్పేది నిజమేనా మాస్టారూ?"

చలపతిరావు తలెత్తలేదు. "నిజమేనండి. నేను వెళ్ళలేదు. పనంతా తనదే."

"ఆ ముక్క మైకులో చెప్పండి."

చెప్పారు. పదిమందిలో ఆ మాట అనడానికి ఆయనకు చెమటలు పట్టాయి. "రిపోర్టులో ప్రతి అక్షరమూ నా విద్యార్థిని రాగసుధది. ఆమె పేరు తీసేసి తప్పు చేశాను." హాలు చప్పట్లతో మోగిపోయింది. సాయిప్రియ అయితే లేచి నిలబడింది. రాగసుధ కళ్ళు తుడుచుకుని వేదికెక్కింది. గెలిచానన్న సంతోషం కన్నా, ఈయన చేత ఇలా చెప్పించుకోవాల్సి వచ్చిందేనన్న బాధే ఆమెకు ఎక్కువగా ఉంది.

ప్రమీలారాణి నియామకపు ఉత్తర్వు మీద అప్పటికప్పుడు పేరు రాయించింది. అంతలో గుమ్మంలో తెల్లచొక్కా వేసుకున్న నడివయసు మనిషి కనిపించాడు. రేపల్లె బస్సు దారిలో ఆగిపోయిందట, రొప్పుతున్నాడు.

"రండి బర్నబాస్ గారూ" ప్రమీలారాణి ఆయన్ను చేయిపట్టి వేదిక మీదికి తీసుకొచ్చింది. "నిజాంపట్నం ఎండుచేపల మహిళా సంఘానికి ఈయనే కార్యదర్శి. సంఘం పెట్టిన రోజు నుంచీ ఆదివారం కూడా అక్కడే ఉంటారు. చివర్లో సన్మానం చేద్దామని ఎవరికీ చెప్పకుండా పిలిపించాను. ఈ కాగితం ఆయన చేతుల మీదుగానే ఇప్పిద్దాం. బర్నబాస్ గారూ, మీ సంఘంలో పది ఆదివారాలు పనిచేసిన అమ్మాయి ఈమేనండి."

బర్నబాస్ కాగితం అందుకుని రాగసుధను ఎగాదిగా చూశాడు. మాస్టారి వైపు, మళ్ళీ ఆమె వైపు చూసి, ఎవరిని నొప్పించాల్సి వస్తుందోనన్నట్టు మెల్లగా అన్నాడు.

"మా సంఘానికి ఎవరూ రాలేదండి."