మోటారు బాగుచేసే మనిషి

"పిల్లల్ని ముద్దుచేసే మనిషి మాత్రం వద్దు మేడమ్," అంది ఆయా.

అనాథాశ్రమం మేనేజరు టైపు చేయడం ఆపింది. విదేశాల నుంచి ఏడాదికొక వాలంటీరు వస్తారు. వచ్చేవాళ్ళు ఏం పని చేయాలో ముందే రాసి పంపాలి.

"అదేంటి? పోయినసారి వచ్చినామె బంగారం. చిట్టి ఆమె ఒళ్ళోంచి దిగేదే కాదు."

"అందుకే చెప్తున్నా. ఈసారి బోరు మోటారు బాగుచేసేవాళ్ళని అడగండి."

"నీకు కుళ్ళే! చిట్టి నిన్నొదిలేసి ఆమెని అమ్మా అని పిలిచిందని."

ఆయా నవ్వలేదు. అప్పటికే గుమ్మంలో చిట్టి నిలబడి ఉంది, చేతిలో దువ్వెనతో.

"కొత్తామె వస్తోందా మేడమ్?"

"వస్తుందమ్మా. నీకు బోలెడు కథలు చెబుతుంది."

"ఎప్పుడు వెళ్ళిపోతుంది?"

ఆయా గబగబా చేతులు చాచింది. "రావే నా తల్లీ, జడ వేస్తా. నేనెక్కడికీ పోనుగా!"

చిట్టి దువ్వెన ఇవ్వలేదు. "ఆమె కూడా ఇలాగే అంది," అని తనే తల దువ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మేనేజరు రాసిందంతా చెరిపేసింది. "మోటారుకి ఏమైందని రాయమంటావు?"

"దానికేం, దివ్యంగా ఉంది మేడమ్," అంది ఆయా కళ్ళు తుడుచుకుంటూ. "పాడైందని రాయండి."